సిస్టర్‌ని అడగండి: బాగున్న మనిషిని రాత్రి రెండింటికి లేపడం దేనికి?

ఈసారి ఉత్తరాల్లో సగం మా నర్సుల మీద ఫిర్యాదులు, మిగతా సగం ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్ళను చూసుకోలేక సతమతమవుతున్న వాళ్ళవి. ఒకే సంగతి అడిగినవి కలిపేశాను. మందు మార్చమని, డోసు తగ్గించమని మాత్రం నన్ను అడక్కండి, అది మీ డాక్టరు గారి పని.

ప్రశ్న: సిస్టర్ గారూ, మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ రాత్రంతా గంటకోసారి వచ్చి లైటు వేసి, బీపీ అని, పల్సు అని లేపుతూనే ఉన్నారు. రెండింటికి అప్పుడే కునుకు పట్టింది, మళ్ళీ లేపారు. ప్రతిసారీ 'బాగుంది' అనే రాసుకుని పోయారు. బాగున్న మనిషిని లేపడం దేనికండీ? మూత్రం సంచి నిండిందని నేను పారబోస్తే కసిరారు కూడా.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కసరడం తప్పే. కానీ మీరు సంచి పారబోయడం కూడా మంచి పని కాదండీ, ఎందుకో చెప్తాను.

గర్భసంచి తీసిన రాత్రి మాకుండే పెద్ద భయం లోపల రక్తం కారడం. బయట కట్టు పొడిగానే ఉంటుంది, మనిషి పడుకునే ఉంటుంది, కడుపులో మాత్రం రక్తం చేరుతూ ఉండొచ్చు. పోయిన రక్తానికి బదులుగా గుండె వేగం పెంచి లాక్కొస్తుంది కాబట్టి బీపీ చాలాసేపు నిలబడే ఉంటుంది, ముందు కదిలేది పల్సు. పదింటికి 76, పన్నెండింటికి 88, రెండింటికి 98 ఉందనుకోండి. మామూలుగా ఉండాల్సింది 60 నుంచి 100, అంటే మూడూ ఆ లోపే, ఏది విడిగా చూసినా నార్మలే. మూడూ కాగితం మీద వరసగా కనిపిస్తేనే ఎక్కుతోందని తెలుస్తుంది, అప్పుడు వెళ్ళి డ్యూటీ డాక్టరును లేపుతాం. రెండింటి అంకె లేకపోతే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు. ఇంజెక్షన్ చేయడం మా పని అని అందరూ అనుకుంటారు గానీ, మా డ్యూటీలో ఎక్కువ భాగం ఇలా చూడటమే.

మీరు గమనించి ఉండరు, పల్సు చూడటం అయిపోయాక కూడా సిస్టర్ చెయ్యి వదలకుండా ఇంకాసేపు పట్టుకునే ఉంటుంది. అప్పుడు లెక్కపెట్టేది ఊపిరి. 'మీ ఊపిరి లెక్కపెడుతున్నా' అని చెబితే ఎవరైనా తెలియకుండానే మార్చేస్తారు, అందుకని నాడి చూస్తున్నట్టే ఉండి ఛాతీ వైపు చూస్తాం. పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20. మనిషి పరిస్థితి చెడుతున్నప్పుడు ముందుగా మారేవాటిలో ఇదొకటి, అయినా బద్ధకించి ప్రతి చార్టులోనూ 20 అని గీకేసేదీ దీన్నే. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో 'న్యూస్' అని ఒక స్కోరు తెచ్చారు, 2017లో సవరించారు. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, పల్సు, స్పృహ, జ్వరం, వీటికి మార్కులు వేసి కూడతారు, మార్కులు పెరిగితే రోగి పరిస్థితి దిగజారుతున్నట్టు. అందులో ఊపిరి వేగానికి కూడా మార్కులున్నాయి, ఊహించి రాసే వీల్లేదు.

ఇక మూత్రం. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరైనా రావాలి, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30. అంతకు తగ్గితే కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమో చూడాలి. మీరు పారబోశారంటే ఆ లెక్క కాస్తా పోయినట్టే. సంచి నిండితే పిలవండి. ఎవరూ రాలేని పరిస్థితైతే సంచి మీది గీత చూసి ఎంత ఉందో, టైమెంతో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేల మీద మాత్రం పెట్టొద్దు, అటూ ఇటూ జరిపేటప్పుడు మంచం మీద పడేయొద్దు.

అంకెలన్నీ బాగున్నా మీ అమ్మగారు ఊరికే కంగారు పడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వచ్చి చెప్పండి. 'మా అమ్మ ఎప్పుడూ ఇలా ఉండదు సిస్టర్' అని కూతురు అంటే ఆ మాట నాకు మానిటర్ కంటే ఎక్కువ. కసరడం గురించి కూడా ఒక ముక్క: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. మీరున్న వార్డులో ఆ రాత్రి ఎన్ని మంచాలు, ఎందరు సిస్టర్లు ఉన్నారో గుర్తు చేసుకోండి.

ప్రశ్న: మేడం, నీరసం వస్తే మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకుని మళ్ళీ పొలం పోతాం. పట్నం ఆసుపత్రికి పోతే అడిగినా పెట్టలేదు. పెట్టినప్పుడు కూడా బొట్టు బొట్టు పొద్దంతా పెడతారు. జల్ది ఎక్కిస్తే ఏమైతది?
– ఓ రైతు, వనపర్తి జిల్లా

జవాబు: అన్నా, ముందు ఆ బాటిల్లో ఏముందో చూద్దాం. అర లీటరు మామూలు సెలైన్ అంటే నీళ్ళు, అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. గ్లూకోజు బాటిల్ అయితే, 5 శాతం రకం, అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజు, వంద కేలరీలు కూడా రావు. గిన్నెడు అన్నం తింటే దానికి రెండింతలు వస్తాయి. మరి హుషారు ఎందుకొస్తుందంటారా? ఎండలో పనిచేసి నీళ్ళు సరిగా తాగని ఒంటికి నీళ్ళందాయి, పైగా రెండు గంటలు ఫ్యాను కింద పడుకున్నారు. ఆ పనికి ఓఆర్‌ఎస్ చాలు, పాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో అన్ని నీళ్ళలోనే కలుపుకోండి. మళ్ళీ మళ్ళీ నీరసం వస్తోందంటే రక్తం తక్కువుందో, షుగరుందో, టీబీ ఉందో చూపించుకోవాలి. సెలైన్ పెట్టుకుంటూ పోతే అది నెలల తరబడి దాగి ఉంటుంది. సూది శుభ్రమైనది కాకపోతే కామెర్ల వైరస్‌లు, హెపటైటిస్ బీ, సీ, ఉచితంగా వస్తాయి. వాంతులూ విరేచనాలై నోటితో నీళ్ళు నిలవనివాళ్ళకు, ఆపరేషన్ వాళ్ళకు, బీపీ పడిపోయినవాళ్ళకు సెలైన్ ప్రాణం పోస్తుంది, వాళ్ళకు ఎవరూ వద్దనరు.

వేగం సంగతి. మామూలు సెలైన్ గొట్టంలో 20 బొట్లయితే ఒక మిల్లీలీటరు. అర లీటరు నాలుగు గంటల్లో పోవాలని డాక్టరు రాస్తే మొత్తం పదివేల బొట్లు, నిమిషానికి సుమారు 42. సిస్టర్ వాచీ చూస్తూ గొట్టం మీది చక్రం తిప్పేది ఆ 42 కోసం. మేం అటు వెళ్ళగానే 'ఆఖరి బస్సు పోతుంది' అని మీ బంధువులు ఆ చక్రం తెరిచేస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి పడుకుంటే ఆయాసం వస్తుంది. బాటిల్లో పొటాషియం కలిపి ఉంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. దయచేసి ఆ చక్రం ముట్టుకోవద్దు. బాటిల్ ఖాళీ అయితే గాలి పోయి మనిషి చచ్చిపోతాడని వార్డంతా పరుగులు పెడతారు చూడండి, అంత భయం అక్కర్లేదు. మామూలుగా వేలాడదీసిన బాటిల్లో నీరు దిగిపోయాక ధార దానంతటదే ఆగుతుంది, మహా అయితే గొట్టంలోకి కొంచెం రక్తం ఎదురొస్తుంది. చక్రం మూసి పిలిస్తే చాలు.

ప్రశ్న: నా పేరు చార్టులో ఉంది, చేతికి పట్టీ ఉంది. అయినా మందు తెచ్చిన ప్రతిసారీ 'మీ పేరేంటండీ' అని అడుగుతారు. నిన్న అడిగిన అమ్మాయే ఇవాళా అడుగుతుంది. విసుగు రాదా?
– ఓ రిటైర్డ్ మాస్టారు, విజయనగరం

జవాబు: వస్తుంది మాస్టారూ, అయినా అడగాల్సిందే. 'మీరు ఫలానా గారేనా' అని అడిగితే మగతలో ఉన్న రోగి, చెవి సరిగా వినబడని రోగి అన్నింటికీ ఊ కొడతారు. అందుకని పేరు మీ నోటితోనే చెప్పించుకుంటాం. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటితోనా, సూదితోనా), సరైన సమయం, ఈ ఐదూ చూసుకోకుండా మందు ఇవ్వకూడదు, అందులో మొదటిది మీరు. మీ శిష్యుల హాజరు మీరు రోజూ పిలిచేవారు కదా! అడగని సిస్టర్ వస్తే మీరే 'నా పేరు ఇదమ్మా, ఇది ఏ మందు' అని అడగండి.

ప్రశ్న: సిస్టర్, నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. క్యాన్యులా (సెలైన్, మందుల కోసం నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టమంటే చేతులు వణుకుతున్నాయి. నరం దొరకదు, పేషెంట్ అరుస్తారు, ఇంకా టెన్షన్ వస్తుంది. మా స్టాఫ్ చిటికెలో పెట్టేస్తారు.
– ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: వణుకు దానంతటదే పోతుంది తల్లీ, దాని గురించి బెంగ పెట్టుకోకు. చిటికెలో పెట్టే ఆ స్టాఫ్‌ని ఈసారి సూది దగ్గర కాదు, అంతకు ముందు గమనించు. ఆమె రెండు చేతులూ చూస్తుంది, చెయ్యి కిందికి వేలాడదీయమంటుంది, చల్లగా ఉంటే వెచ్చటి గుడ్డ చుడుతుంది, కంటితో కాకుండా వేలితో వెతుకుతుంది. నీలంగా పైకి కనిపించే నరం కంటే వేలి కింద స్ప్రింగులా లేచే నరం మంచిది. కొట్టుకుంటోందంటే అది ధమని, దాని జోలికి పోవద్దు. టోర్నికే, అంటే నరం ఉబ్బడానికి బిగించే పట్టీ, బెత్తెడు పైన కట్టు, ఎక్కువసేపు బిగించి ఉంచకు. ముసలివాళ్ళ నరాలు జారిపోతాయి కాబట్టి ఎడమచేతి బొటనవేలితో చర్మం కిందికి లాగి పట్టుకో, నా దృష్టిలో పని సగం ఆ బొటనవేలిదే. 15 నుంచి 30 డిగ్రీల వాలులో లోపలికి వెళ్ళు, రక్తం కనిపించగానే సూదిని ఇంకా పడుకోబెట్టి ఒక పిసరు ముందుకు జరుపు, తర్వాత సూదిని కదలనివ్వకుండా ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే తోయి. అందరూ తప్పేది ఇక్కడే. రక్తం చూసిన సంతోషంలో సూదిని కూడా తోసేస్తారు, నరం అవతలి గోడ చిరిగిపోయి ఉబ్బుతుంది. వెనక్కి లాగిన సూదిని మళ్ళీ గొట్టంలోకి దూర్చకు, గొట్టం లోపలే తెగే ప్రమాదముంది.

రెండుసార్లు తప్పితే సీనియర్‌ని పిలువు, అందులో నామోషీ ఏమీ లేదు. 'నొప్పి ఉండదమ్మా' అని అబద్ధం చెప్పకు, 'చురుక్కుమంటుంది, కదలొద్దు' అను, అరుపులు సగం తగ్గుతాయి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, నరాన్ని కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి సూది కాదు కదా, బీపీ పట్టీ కూడా చుట్టకూడదు. రొమ్ము తీసేసిన వైపు చెయ్యి కూడా అడిగి తెలుసుకుని వదిలేయి. సైజులు రంగులతో గుర్తుపెట్టుకో: ఆకుపచ్చది 18, గులాబీ 20, నీలం 22, పసుపు 24, అంకె పెరిగేకొద్దీ సన్నం. రక్తం పోతున్న మనిషికి పసుపుది పెట్టి పనైపోయిందనుకుంటే లాభం లేదు, అందులోంచి ఎక్కేది చాలా నెమ్మది.

సూది నీ చేత్తోనే తెల్ల డబ్బాలో పడేయి, మూత మళ్ళీ పెట్టకు. ఎప్పుడైనా గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్ళ కింద కడుగు, పిండకు, నోట్లో పెట్టుకోకు, భయపడి దాచకు, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, కోర్సు 28 రోజులు. హెపటైటిస్ బీ టీకాలు పూర్తయ్యాయా నీకు? లేకపోతే రేపే వేయించుకో. ఇంకొకటి, పెట్టేసి వెళ్ళిపోకు. ప్రతి డ్యూటీలోనూ ప్లాస్టర్ దగ్గర ఎర్రబడిందా, వాచిందా, నొప్పుందా చూడు, ఉంటే తీసేయి. మరో చోట పెట్టాల్సి వస్తుందని బద్ధకించి ఉంచేయడం వల్లే చేతులు పాడవుతాయి.

ప్రశ్న: సిస్టర్, మా మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ముక్కులోంచి గొట్టంతో ఆహారం ఇస్తున్నాం. డిశ్చార్జి రోజు నర్సు అన్నీ చూపించింది కానీ ఆ హడావుడిలో సగం బుర్రకెక్కలేదు. నడుము కింద ఎర్రగా కనిపిస్తోంది, ఎయిర్ బెడ్ కొన్నాం, రోజూ నూనెతో గట్టిగా మర్దన చేస్తున్నాం.
– ఓ కోడలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ మర్దన ఆపమ్మా. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదులు. నొక్కినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు, నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అది పుండుకు మొదటి మెట్టు. అక్కడ లోపలి కండ ఇప్పటికే నలిగి ఉంటుంది, రుద్దితే ఇంకా నలుగుతుంది. దానికి మందు బరువు తీసేయడమే. రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి తిప్పాలి, ఎరుపు తగ్గేదాకా వెల్లకిలా పడుకోబెట్టడం బాగా తగ్గించు. పక్కకు అంటే పూర్తిగా కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడు. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు, అదే ముప్పు. మధ్యలో బోలుగా ఉండే గాలి రింగు ఎవరైనా కొనమంటే కొనకు, దాని అంచు దగ్గర రక్తం ఆగిపోతుంది. దుప్పటి ముడతలు, తడి డైపరు, పైకి జరపడానికి ఒరుసుకుంటూ లాగడం, ఈ మూడే చర్మానికి శత్రువులు. ఇద్దరు కలిసి అడుగు దుప్పటి పట్టుకుని ఎత్తండి.

కుడిచెయ్యి పట్టుకుని ఎప్పుడూ లేపొద్దు. పట్టు లేని భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. భుజం వెనక రెక్క కింద చెయ్యి వేసి లేపండి, కూర్చోబెట్టినప్పుడు ఆ చెయ్యి కింద దిండు ఉండాలి.

గొట్టం. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గీత గీసి ఉంటుంది, లేకపోతే ఈసారి నర్సు వచ్చినప్పుడు గీయించు. ప్రతిసారీ ఆ గీత ముక్కు దగ్గరే ఉందో లేదో చూశాకే ఆహారం. జరిగినా, ఊడినా మీరు తోయొద్దు, అది కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఆహారం అయ్యాక కూడా కనీసం అరగంట, వీలైతే గంట అలాగే. సిరంజిని ఎత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది, పిస్టన్‌తో నెట్టకండి. ముందూ వెనకా కాసిని మంచినీళ్ళు పోస్తే గొట్టం మూసుకుపోదు. రాగిజావ, పప్పునీళ్ళు ఏది పోసినా పల్చటి గుడ్డలో వడకట్టు. మాత్రలు ఒక్కోటి విడిగా నూరి నీళ్ళతో ఇవ్వాలి, పేరు పక్కన ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ అని ఉన్నవి మాత్రం నూరకూడదు, రోజంతా మెల్లగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. వేరే రూపంలో ఉందేమో డాక్టరును అడుగు. మధ్యలో దగ్గు వచ్చినా, ఆయాసపడ్డా, పెదవులు నల్లబడ్డా ఆపేసి ఆసుపత్రికి పరిగెత్తాలి. నోటితో తినడం లేదని పళ్ళు తోమడం మానేశారేమో, రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయాల్సిందే, ఆ మురికి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

ఇదంతా నువ్వొక్కదానివే చేస్తున్నట్టుంది ఉత్తరం చూస్తే. రాత్రి తిప్పే పని మీ ఆయనకు అప్పగించు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. విజయవాడలో ఉన్న అమ్మానాన్నల కోసం ఒక ఏజెన్సీ నుంచి నర్సుని పెట్టాం. నాన్నకు ఇన్సులిన్ కూడా ఆవిడే ఇస్తోంది. ఆవిడ నిజంగా నర్సేనా అని ఎలా తెలుసుకోవాలి?
– ఓ పాఠకుడు, అమెరికా

జవాబు: నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏఎన్‌ఎం రెండేళ్ళు, జీఎన్‌ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు, ఎవరైనా సరే నంబరు ఉంటుంది. లేకపోతే ఆవిడ అటెండెంట్. తప్పేం లేదు, స్నానం, నడిపించడం, తిప్పడం, టైముకు మాత్ర అందించడం మంచి అటెండెంట్ చక్కగా చేస్తుంది, మీ అవసరం అంతే అయితే ఆవిడే చాలు. నరానికి ఇంజెక్షన్లు, మూత్రం గొట్టం మార్చడం మాత్రం ఆవిడతో చేయించకూడదు. వీడియో కాల్‌లో ఒకటి అడిగి చూడండి: 'ఇన్సులిన్ వేసే ముందు ఏం చూస్తారు?' షుగరు ఎంతుందో, టిఫిను సిద్ధంగా ఉందో చూస్తానంటే నాకు ధైర్యం. 'డాక్టరు రాసినంత వేస్తాను' అని ఊరుకుంటే నాకు భయమే.

సిరంజి కూడా కెమెరాలో చూపించమనండి. మన దగ్గర రెండు రకాలు, ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు, నారింజ మూతది 100 యూనిట్ల సీసాకు. సీసా 100ది, సిరంజి 40ది అయితే 20 గీత దాకా తీసినా లోపలికి పోయేది 50 యూనిట్లు. షుగరు అమాంతం పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూసి, 70 కంటే తక్కువుంటే, మింగగలిగితే గ్లూకోజు నీళ్ళో పంచదార నీళ్ళో తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలూ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమనండి. ఇన్సులిన్ ఆ తలుపు అరలోనే ఉండనివ్వండి, ఫ్రీజర్‌లో వద్దు.

ప్రశ్న: మేడం, నేను అబ్బాయిని. బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటే ఇంట్లో నవ్వుతున్నారు. జీతాలు కూడా ఉండవంటున్నారు.
– ఓ ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: నవ్వనీ బాబూ. ఐసీయూలో, క్యాజువాలిటీలో, మగ రోగులకు మూత్రం గొట్టం వేసే దగ్గర మేల్ నర్సు కోసం ఎదురుచూడటం నాకు బాగా తెలుసు. జీతం మాట మాత్రం నిజమే. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది, చాలాచోట్ల అది కాగితం దాటలేదు. ప్రభుత్వ ఉద్యోగం, లేదంటే విదేశం అని ముందే లెక్కలో పెట్టుకుని చేరు. కొన్ని కాలేజీలు అమ్మాయిలకే, అది కనుక్కో. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో వాళ్ళ మాట నమ్మకుండా నువ్వే చూసుకో, కాలేజీకి అనుబంధంగా సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్నారా అని ఒక మంగళవారమో బుధవారమో చెప్పకుండా వెళ్ళి వార్డుల్లో తిరిగి రా. మంచాలు ఖాళీగా ఉంటే అక్కడ ఫీజు కట్టకు.